బలి చక్రవర్తి కోసం వాకిలి

వామనుడు మూడో అడుగు తల మీద పెట్టగానే మన హరిదాసు మంగళం పాడేస్తాడు. పోతనగారు భాగవతం ఎనిమిదో స్కంధంలో బలిని ఎంతో ఎత్తున నిలబెట్టారు. గురువు శుక్రాచార్యుడు వద్దన్నా ఇచ్చిన మాట తప్పని దాతగా మన పిల్లలు బడిలో ఆయన పద్యాలు వల్లె వేస్తారు. కానీ పాతాళానికి వెళ్ళాక ఆయన ఏమయ్యాడన్నది మనం అంతగా పట్టించుకోం. మలయాళీలు పట్టించుకున్నారు. ఏడాదికోసారి తన జనం ఎలా ఉన్నారో చూసుకోడానికి ఆయన వస్తాడని నమ్మి, పది రోజుల ముందు నుంచే వాకిలి సిద్ధం చేస్తారు. పడవ పందేలు, త్రిస్సూరు పులివేషాలు, కొత్త బట్టలు అన్నీ ఓణం అనే ఆ పండుగలో ఉన్నాయి. నాకు మాత్రం ఓణమంటే ముందుగా ఆ వాకిలి పనే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని జలంత్రకోటలో ఉండే నాకు ఆ పని చూపించింది ఒక నర్సు. కొట్టాయం వైపు ఆవిడ. మా వైపు ఆసుపత్రుల్లో, ఇంగ్లీషు మీడియం బడుల్లో, క్రైస్తవ మఠాల్లో మలయాళీలు ఎప్పట్నుంచో ఉన్నారు. అలా వచ్చి మా వీధిలో అద్దెకు దిగింది. ఊరందరికీ సిస్టరమ్మ. ఆదివారం ప్రార్థనకు తప్పకుండా వెళ్ళే మనిషి, భాద్రపదం దగ్గర పడితే వాకిట్లో బలి కోసం పూలు పేర్చేది. ఒకసారి అడిగేశాను. "ఓణం మా నేలది అక్కా, గుడిదీ కాదు, చర్చిదీ కాదు" అంది. కేరళ ప్రభుత్వం దాన్ని 1961లో రాష్ట్ర పండుగ చేసింది. అక్కడి హిందువులూ క్రైస్తవులూ ముస్లింలూ అదే ఆకులో అదే భోజనం చేస్తారు. ఈ ఒక్క సంగతికే ఆ పండుగంటే నాకు గౌరవం.

లెక్క నక్షత్రాలది. వాళ్ళ ఏడాది చింగం నెలతో మొదలవుతుంది, అంటే సింహమాసం. ఆ నెలలో వచ్చే శ్రవణానికి ముందు హస్త పడిన రోజు అత్తం. అక్కణ్ణించి చిత్త, స్వాతి, విశాఖ అని లెక్కపెట్టుకుంటూ పోతే పదో రోజు శ్రవణం, అదే తిరువోణం. మన దగ్గర ఆ రోజుల్లో నాట్లు పూర్తయి కలుపు తీతలు నడుస్తుంటాయి. వాళ్ళకేమో వేసవి చివర చల్లిన విరిప్పు పంట కోతకొచ్చే కాలం. దానికి ముందున్న కర్కాటకం హోరు వాన, పని దొరకని నెల. ఆ ఇరుకు దాటి గాదెలో కొత్త గింజ పడుతున్నప్పుడు వచ్చే పండుగ కాబట్టే, ఉన్నది అమ్ముకునైనా ఓణం భోజనం చేయాలని వాళ్ళలో సామెత పుట్టింది. మనం సంక్రాంతికి అప్పు చేసైనా అరిసెలు వండుకోమూ!

ఇక పూలు. దాన్ని పూక్కళం అంటారు. అత్తం నాడు చిన్న వరస, తుమ్మిపూలతో. మన పొలంగట్ల మీద, రోడ్డు వారన వానలు పడగానే మొలిచే ఆ తుమ్మే. తెలంగాణలో వినాయక చవితికి దాని ఆకు కూర వండుతారు. మా దగ్గర మాత్రం పశువులు కూడా అంతగా ముట్టని మొక్క. పువ్వు గోరంత ఉండదు. గుప్పెడు కావాలంటే గట్టంతా తిరగాలి. ఊరంతా పడుకుని ఉండగా సిస్టరమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గట్టు మీద వంగి ఆ పూలు గిల్లుతుంటే మా పెద్దత్త ఉండబట్టలేక అడిగేసింది: "ఏటమ్మా, బంతిపూలు బజార్లో బండెడు దొరుకుతాయి కదా?" "కొనకూడదు పెద్దమ్మా, కొయ్యాలి" అని జవాబు. వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడు పిల్లలంతా తెల్లారకుండా బుట్టలు పట్టుకుని, పాటలు పాడుకుంటూ పూలకు బయల్దేరేవారట. ఎవరి దొడ్డైనా ఆ పది రోజులూ అడగక్కర్లేదు.

నేల ముందు పేడతో అలకాలి. అది మనకు నేర్పక్కర్లేదు. కాస్త ఆరి ఇంకా పచ్చిగా ఉండగానే పని మొదలెట్టాలి, అప్పుడే రేకులు అంటుకుని నిలబడతాయి. మధ్యలో పుల్ల గుచ్చి, దారం కట్టి, గుండ్రం తిప్పి గీతలు గీస్తారు. పేర్చడం మధ్య నుంచి బయటికి. మందారం, నూరువరహాలు, బంతి, గన్నేరు రేకులు విడదీసి రంగు రంగు వేరు చేసుకోవాలి. పచ్చదనం కోసం ఆకు సన్నగా తరగాలి. రేకుల మందం అంతటా ఒకేలా ఉండాలి, పలచబడితే నేల కనిపించి వరస విరిగినట్టుంటుంది. చేయి తేలిగ్గా ఉండాలి. మన ముగ్గుకు వేళ్ళ సందుల్లోంచి పిండి జారే వేగం ముఖ్యం. ఇక్కడ వేగంతో పనిలేదు, ఓపిక కావాలి. మర్నాడు పొద్దున్నే పాతది ఊడ్చేసి మళ్ళీ అలుకు, మళ్ళీ మొదలు, ఈసారి ఒక వరస ఎక్కువ. కొన్ని ఇళ్ళల్లో ఎర్రపూలు మూడోరోజు స్వాతి నుంచే వాడతారు. తిరువోణం నాటికి వాకిలంతా పరుచుకుంటుంది. దాని దగ్గర మట్టితో చేసిన నాలుగు పలకల గోపురం లాంటి బొమ్మ నిలబెట్టి, బియ్యప్పిండి జారుగా కలిపి పోసి, మీద తుమ్మిపూలు పెడతారు. దాన్ని కొందరు త్రిక్కాక్కర గుడి వామనుడంటారు, కొందరు మహాబలి అంటారు. తొక్కినవాడికీ తొక్కించుకున్నవాడికీ ఒకే బొమ్మ సరిపెట్టిన ఆ మనసు నాకు చాలా నచ్చింది.

ఉద్దానంలో కష్టం గాలి. సముద్రం మీంచి వచ్చే గాలికి రేకులు లేచిపోతుంటే ఆవిడ చెంబుతో నీళ్ళు చిలకరించేది. కొన్నాళ్ళకు మా వీధి ఆడపిల్లలు చాపలు అడ్డం పట్టుకుని నిలబడ్డం మొదలెట్టారు.

ఇప్పుడు కేరళలోనే పూలు కొనడం మామూలైపోయింది. కర్ణాటక గుండ్లుపేట నుంచి, తమిళనాడు తోవాళ నుంచి లారీలకు లారీలు దిగుతాయి. ఈ మధ్య అక్కడి కుటుంబశ్రీ పొదుపు సంఘాల మహిళలు ఓణం కోసమే బంతి సాగు చేస్తున్నారు, అది మంచి పని. పోటీల్లో రంగు కలిపిన ఉప్పు, రంపపు పొట్టు కూడా పోస్తారని విన్నాను. దాన్ని నేను పూక్కళం అనలేను. పెరటి మొక్క ఏది పూసిందో, గట్టు మీద ఏది మొలిచిందో చూసుకోవడం ఈ పనిలో సగం. ఆ సగం పోతే మిగిలేది బొమ్మే.

భోజనానికి వస్తే ఉద్దానం వాళ్ళం సిగ్గుపడాల్సింది ఒకటుంది. మా కొబ్బరికాయలు లారీలెక్కి ఉత్తరాది బజార్లకు పోతాయి, మా ఇళ్ళల్లో కొబ్బరినూనె తలకే. సిస్టరమ్మ అదే కాయతో సగం ఆకు నింపేది. అవియల్‌కి అరటికాయ, కంద, మునక్కాడ, బూడిదగుమ్మడి వేలెడంత ముక్కలు కోసి, నీళ్ళు మరీ ఎక్కువ పోయకుండా ఉడికించి, కొబ్బరి, జీలకర్ర, పచ్చిమిర్చి కచ్చాపచ్చాగా నూరి, పెరుగుతో కలిపేది. దించే ముందు పచ్చి కొబ్బరినూనె, కరివేపాకు. మూత పెట్టి కాసేపు ముట్టనిచ్చేది కాదు. ఆకు సన్నటి కొస తినేవారి ఎడమ చేతి వైపు ఉండాలి. ఆ కొసన అరటికాయ ఉప్పేరి, బెల్లం పాకం పట్టిన అరటి ముక్కలు, అల్లప్పచ్చడి. తర్వాత తోరన్, ఓలన్, కాళన్, ఎరిశ్శేరి అనే కూరలు. అన్నంలో మొదట పప్పూ నెయ్యీ, తర్వాత సాంబారు. మధ్యలో పాయసాలు, చివర మజ్జిగ. ప్రథమన్ అనే పాయసంలో పలాస జీడిపప్పు నేతిలో వేయించి వేసేది. కొల్లం కూడా జీడికి పేరున్న ఊరే. అక్కడైనా పలాసలోనైనా కార్ఖానాల్లో పిక్క కొట్టి పప్పు తీసే చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే.

2018లో ఆవిడ వాకిట్లో పూలు పెట్టలేదు. ఆగస్టులో కేరళను వరద ముంచేసింది, నాలుగు వందలమందికి పైగా పోయారు. తిరువోణం ఆగస్టు 25న పడింది. ప్రభుత్వం వేడుకలు రద్దు చేసి ఆ డబ్బు సహాయానికి మళ్ళించింది. కుట్టనాడులో ఆవిడ చిన్నమ్మ వాళ్ళు బడిలో పెట్టిన శిబిరంలో ఉన్నారు. ఆ శిబిరంలోనే ఎవరో నాలుగు పూలు తెచ్చి వరండాలో చిన్న గుండ్రం పేర్చారని ఫోన్లో చెప్తే, ఆవిడ మా ఇంటికొచ్చి ఏడ్చింది. రెండు నెలలు తిరక్కుండానే, దసరా నవరాత్రుల్లో, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు అంతటా కొబ్బరిచెట్లు తలలు తెగి, జీడితోటలు వేళ్ళతో సహా లేచి పడ్డాయి. రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు సిస్టరమ్మ మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి దెబ్బలకు కట్లు కట్టింది, పడిపోయిన చెట్ల కాయలే ఏరించి, తురిమి, అందరికీ గంజిలో కలిపి పెట్టింది.

మర్నాటి ఏడు దొడ్డిలో మందారమూ లేదు, గన్నేరూ లేదు. తుమ్మి మాత్రం గట్టు నిండా పూసింది. ఆ పది రోజులూ వాకిలి తెల్లగానే ఉంది. పిల్లలంతా పోయి కోశారు.

ఉద్యోగం మానేసి ఆవిడ ఇప్పుడు సొంతూరు వెళ్ళిపోయింది. మొన్న ఫోన్ చేసి, ప్రథమన్‌కి పలాస పప్పు కావాలంది. కొల్లం పప్పు దగ్గర్లోనే దొరుకుతుందని తెలిసే అడిగిందని నాకూ తెలుసు. తమ ఇంటి చుట్టూ అంతా రబ్బరు తోటలేనని, తుమ్మి కంటికి కనిపించడం లేదని కూడా చెప్పింది. పప్పు పార్శిల్లోనే, మా గట్టు మీద ఎండిన తుమ్మి కంకులు దులిపి, గింజలు పొట్లం కట్టి పెట్టాను. వాళ్ళ వైపు వాన జూన్‌లోనే వస్తుంది కాబట్టి మే చివర్లో చల్లుకోమని, ఎరువు వేయొద్దని, నీడలో చల్లితే పూయదని పొట్లం మీద రాశాను.