పడవ అడుగున పనితనం

వసంతం రాగానే స్వీడన్ తీరంలోని పడవల రేవుల్లో గరుకు కాగితాల చప్పుడు మొదలవుతుంది. టోర్డ్ సుండేన్ గీసిన నమూనాతో 1942లో తొలిసారి నీటిలోకి దిగిన నార్డిక్ ఫోక్‌బోట్‌నే తీసుకోండి. పొడవు 7.68 మీటర్లు. బరువు దాదాపు రెండు టన్నులు, అందులో సుమారు సగం అడుగునున్న ఇనుప కీల్‌దే. గాలికి పడవ పక్కకు ఒరిగినా మళ్లీ నిలబెట్టేది ఆ బరువే.

క్రేన్‌తో ఎత్తేటప్పుడు పట్టీలు ఎక్కడ వేయాలో తెలిసినవాళ్ల పని చూడముచ్చటగా ఉంటుంది. గట్టు మీదికి దించాక బరువంతా కీల్ మోస్తుంది. పక్కనున్న ఊతలు పడవ ఒరగకుండా ఆపడానికే.

పాత రంగును తడిపి రుద్దాలి. పొడిగా రుద్దితే రాగి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుల్లలు, పాచి పట్టకుండా కొత్తగా పూసే రంగుల్లో చాలావాటిలో రాగి ఆక్సైడ్ ఉంటుంది. ఒకప్పుడు తగరం సమ్మేళనాలు కలిపేవారు. అర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్లు దెబ్బతినడంతో ఫ్రాన్స్ 1982లో చిన్న పడవలకు వాటిని ఆపేసింది. 2008లో అంతర్జాతీయ నిషేధం అమల్లోకి వచ్చింది. ఎంతో మంచి పని.

అసలు నేర్పు చిన్నచిన్న చోట్ల కనిపిస్తుంది. జింక్ ముక్క మీద ఒక్క చుక్క రంగు పడనివ్వరు. అది తాను కరిగిపోతూ మిగతా లోహాన్ని కాపాడాలి, రంగు కప్పేస్తే ఆ పని చేయలేదు. ఊతల కింద, కీల్ అడుగున మిగిలిపోయిన చోట్లకు పడవ మళ్లీ క్రేన్‌కు వేలాడే ఆ కాసేపట్లోనే బ్రష్ తిప్పుతారు. ఇంత శ్రద్ధగా పూసినా చాలా రంగులు పనిచేసేది ఒక్క సీజనే.