నర్సమ్మ చెయ్యి

గర్భిణి పొట్ట మీద చెయ్యి వేసేముందు అనుభవమున్న నర్సమ్మ అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంటుంది. చల్లటి చెయ్యి తగిలితే పొట్ట బిగుసుకుంటుంది, ఇక లోపలి బిడ్డ చేతికి అందదు. తర్వాత పైనుంచి మొదలుపెట్టి తడుముతుంది. గట్టిగా, గుండ్రంగా, వేళ్ల మధ్య బంతిలా కదిలితే తల. మెత్తగా తగిలితే పిర్రలు. ఒక పక్క నున్నగా సాగేది వీపు. రెండో పక్క గడ్డలు గడ్డలుగా తగిలేవి కాళ్లూ చేతులూ.

టేపు లెక్క నాకు మరీ ఇష్టం. ఇరవయ్యో వారానికి గర్భసంచి బొడ్డు దాకా వస్తుంది. ఆ తర్వాత చాలా వారాలపాటు, ఎన్నో వారమో గర్భసంచి ఎత్తు టేపు మీద దాదాపు అన్ని సెంటీమీటర్లు. సెంటీమీటరును కనిపెట్టినవాళ్లు కడుపుల్ని తలుచుకుని ఉండరు!

వీపు దొరికిన వైపే గుండె చప్పుడు బాగా వినిపిస్తుంది, నిమిషానికి 110 నుంచి 160 సార్లు. వింటూనే తల్లి మణికట్టు నాడి కూడా పట్టుకునే నర్సమ్మే పనిమంతురాలు. లేకపోతే తల్లి గుండెనే బిడ్డదనుకోవచ్చు. కడుపు ఒకే లయలో చిన్నగా అదురుతుంటే బిడ్డకు ఎక్కిళ్లు. బిడ్డ ఉమ్మనీరు మింగుతుంది, మూత్రం పోస్తుంది. చివరి నెలల్లో ఆ నీటిలో ఎక్కువ భాగం అదే. ఈ మాట చెబితే తల్లులు ముఖం చిట్లిస్తారు.

స్కానింగ్ ఇవన్నీ బొమ్మ కట్టి చూపిస్తుంది, నిజమే. కానీ అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాక తల ఎంత దిగిందో పొత్తికడుపు మీద వేళ్లతో కొలిచి చెప్పేది నర్సమ్మే: అయిదు వేళ్లకూ అందితే ఇంకా పైనే ఉన్నట్టు, రెండింటికే అందితే కటిలోకి దిగినట్టు.