కార్ల్ గాచ్ కుస్తీ

1982 జనవరిలో టోక్యోలోని కొరాకుఎన్ హాలులో 57 ఏళ్ల పెద్దాయన గోదాలోకి దిగాడు. ఎదురుగా ఉన్నది ఆయన శిష్యుడే, యొషియాకి ఫుజివారా. వయసులో పాతికేళ్లు చిన్నవాడు, పట్లలో ఆరితేరినవాడు. పెద్దాయన అతని వెనక్కి చేరి నడుం పట్టి, ఎత్తి, తానూ వెనక్కి వంగి, అతని భుజాలు నేలకు ఆనించి చిత్తు చేశాడు. ఆయన పేరు కార్ల్ గాచ్. ఆ పట్టు జర్మన్ సుప్లెక్స్. ఈ రోజు టీవీ రెజ్లింగ్‌లో అది తరచూ కనిపిస్తుంది. దాన్ని జపాన్ ప్రేక్షకులకు పరిచయం చేసినవాడు ఆయనే.

ప్రొఫెషనల్ రెజ్లింగ్ అనగానే మనలో చాలామంది పెదవి విరుస్తారు. గెలుపోటములు ముందే ఖరారవుతాయి కదా, అందులో విద్య ఏముందని అడుగుతారు. గెలుపోటములు ఖరారు కావడం నిజమే. కానీ నూరు కిలోల మనిషిని నేల మీద నుంచి లేపడం ఎవరూ ముందే ఖరారు చేయలేరు. ఫలితం ఎవరు నిర్ణయించినా పట్టు మాత్రం నిజంగా పడాలి, బిగిస్తే కీలు నిజంగా ఊడేలా ఉండాలి అన్నదే గాచ్ జీవితమంతా పట్టుకున్న సూత్రం. ఆ పట్టుదల వల్ల ఆయన పోగొట్టుకున్నదీ ఎక్కువే, మిగిల్చి వెళ్లిందీ ఎక్కువే.

అసలు పేరు కారెల్ ఇస్తాజ్. 1924లో బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో పుట్టాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో బెల్జియం తరఫున ఫ్రీస్టయిల్, గ్రీకో రోమన్ రెండింటిలోనూ పోటీ చేశాడు. అంతటివాడు ఆ తర్వాత ఇంగ్లండులోని విగాన్ అనే బొగ్గు గనుల ఊరికి వెళ్లి, మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాడు. అక్కడ బిల్లీ రైలీ అనే వస్తాదు నడిపే తాలింఖానా ఉండేది. లోకం దాన్ని స్నేక్ పిట్ అంటుంది, పాముల గుంట అన్నమాట. గని కార్మికులు తరతరాలుగా ఆడుకున్న 'క్యాచ్' కుస్తీకి అది కాశీ లాంటిది. భుజాలు ఆనించి గెలవచ్చు, లేదా కీళ్లు మెలిపెట్టి ఎదుటివాడితో ఓటమి ఒప్పించవచ్చు. ఒలింపిక్ కుస్తీలో ఈ రెండో దారి లేదు. అందుకే విగాన్‌లో ఒలింపిక్ మల్లుడికి కూడా కొత్తగా నేర్చుకోవలసింది ఉండేది.

క్యాచ్ విద్యలో ముఖ్యమైనది ఒంటరి పట్టు కాదు, పట్ల వరస. మణికట్టు పట్టుకుంటే ఎదుటివాడు చెయ్యి లాక్కుంటాడు. లాక్కునే ఆ ఊపే వస్తాదుకు కావాలి. ఎందుకంటే అప్పుడు మోచెయ్యి ఒంటికి దూరమవుతుంది. ఆ సందులోంచి రెండో చేతిని అతని దండ మీదుగా పోనిచ్చి, తన మణికట్టును తానే పట్టుకుంటే తాళం పడినట్టే. ఇక వంగిన ఆ చేతిని వీపు వెనక్కి తిప్పడమే తరువాయి. నొప్పి మణికట్టులో కాదు, భుజంలో పుడుతుంది. దీన్ని డబుల్ రిస్ట్‌లాక్ అంటారు. బ్రెజిలియన్ జుజుత్సు తెలిసినవారు కిమురా అంటారు.

సుప్లెక్స్ సంగతికొస్తే, చూసేవాళ్లకు అది చేతుల బలంలా కనిపిస్తుంది. కానీ చేతులు చేసేది తక్కువ. వెనక నుంచి నడుం చుట్టి, బొడ్డు దగ్గర చేతులు బిగించాక, మోకాళ్లు వంచి తన తుంటిని ఎదుటివాడి తుంటి కిందికి దించాలి. అక్కడి నుంచి తుంటిని ముందుకు తోస్తూ, ఛాతీని పైకి తిప్పుతూ వెనక్కి వాలాలి. ఎదుటివాడి భుజాలు నేలను తాకేసరికి పట్టినవాడి ఒళ్లు విల్లులా వంగి ఉంటుంది. అతని తల, పాదాలు మాత్రమే నేల మీద ఉంటాయి. చేతులు విడవకూడదు. రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా ఆ బరువును మెడ, కాళ్లు కలిసి మోయాలి. ఇప్పటి టీవీ రెజ్లింగ్‌లో ఎక్కువమంది ఎత్తి వదిలేస్తారు. గాచ్ వదలడు. ఆ తేడాలోనే విద్యంతా ఉంది. చివరిదాకా పట్టు విడవని మనిషి చేతిలో ఎదుటివాడు ఎక్కడ, ఎలా పడాలో కూడా ఉంటుంది కాబట్టి, అవతలివాడి మెడకు రక్షణ కూడా అదే.

అమెరికా ఆయన్ను అక్కున చేర్చుకోలేదు. పాతకాలపు మహామల్లుడు ఫ్రాంక్ గాచ్ పేరు పెట్టుకున్నాడు. 1962 నుంచి 1964 దాకా ఒహాయోలో అమెరికన్ రెజ్లింగ్ అలయన్స్ టైటిల్ నిలబెట్టుకుని, చివరికి లూ థెస్‌కు కోల్పోయాడు. కానీ అప్పటి ప్రమోటర్లకు కావలసింది మాటకారితనం, రంగుల అంగీలు, కన్నెర్ర చేసే ముఖాలు. గాచ్ ఇవేవీ ఇవ్వలేదు. ఈ విషయంలో ఆయన పట్టుదల తప్పని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. వేషం వెయ్యగలవాళ్లు వందమంది దొరుకుతారు. అటువంటి పట్టు నేర్పగలవాళ్లు ఆనాడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

జపాన్ ఆ విలువ గుర్తించింది. 1972లో ఆంటోనియో ఇనోకి న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థ పెట్టినప్పుడు, మార్చిలో జరిగిన మొదటి ప్రదర్శన ముఖ్య పోటీలో ఇనోకిని ఓడించింది గాచే. అక్కడి అభిమానులు ఆయన్ను కుస్తీ దేవుడు అన్నారు. ఇనోకి, ఫుజినామి, తొలి టైగర్ మాస్క్ సతోరు సయామా, ఫుజివారా ఆయన దగ్గర నేర్చుకున్నవారు. తర్వాతి తరంలో ఫునాకి, మినోరు సుజుకి 1993లో పాన్‌క్రేస్ అనే పోటీల సంస్థ మొదలుపెట్టి ఆ పట్లనే అసలైన పోటీలోకి తెచ్చారు. అమెరికాలో మిశ్రమ యుద్ధకళల తొలి యూఎఫ్‌సీ పోటీ జరిగింది ఆ తర్వాతే.

పట్టు నిజం కావాలన్న మాటకు పరీక్ష 1976 డిసెంబరులో కరాచీలో ఎదురైంది. ఇనోకికి ఎదురు నిలిచింది అక్రమ్ పహిల్వాన్, మహామల్లుడు గామాకు తమ్ముడి కొడుకు. అనుకున్న ప్రదర్శన గోదాలోకి దిగాక నిజం పోరుగా మారింది. అప్పుడు ఇనోకి చేతికి అందినది ఆ డబుల్ రిస్ట్‌లాకే. అక్రమ్ భుజం దెబ్బతిని పోటీ ముగిసింది. ఆ రోజు ఓడిన ఇంటి విద్య కూడా తక్కువది కాదు. 1910లో లండన్‌లో జిబిస్కో లాంటి యూరప్ దిగ్గజాన్ని గంటల తరబడి నేల మీదే ఉంచిన వంశం అది.

ఇందులో మనకు దగ్గరి విషయం ఒకటుంది. గాచ్ కసరత్తుకు పునాది భారతీయ మల్లుల దండీలు, బస్కీలే. జపాన్ రెజ్లర్లు ఇప్పటికీ బస్కీని హిందూ స్క్వాట్ అనే పిలుస్తారు. ఫ్లోరిడాలో ఆయన ఇంటికి వెళ్లిన శిష్యులకు ఇనుప బరువులు కాదు, పేకముక్కలు చూపించేవాడు. ఒక రంగుకు దండీలు, ఇంకో రంగుకు బస్కీలు. తీసిన ముక్క మీద ఎంత ఉంటే అన్ని చేయాలి, యాభై రెండు ముక్కలూ అయ్యేదాకా. 2007లో, ఎనభై మూడో ఏడు నిండబోతుండగా ఆయన పోయాడు.

మన ఊళ్లలో వ్యాయామశాలలు, తాలీములు నడిపే వస్తాదులకు నా విన్నపం ఒకటే. యంత్రాలు కొనలేకపోతున్నామని కుర్రాళ్లను వెనక్కి పంపకండి. పేకల పెట్టె చాలు, రేపటి నుంచే మొదలుపెట్టించవచ్చు. మెడ మీద వంగే కసరత్తు మాత్రం మీరు పక్కన లేకుండా ఎవరితోనూ చేయించకండి.