అర్హత రాసిందెవరు?

మా పిల్లలకి నౌకరీ దొరకలేదని మేం అన్నామో లేదో, 'అర్హత ఉండాలి కదా' అంటారు. ఆ అర్హత రాసిందెవరని అడిగితే ప్రతిదానికీ మతం అంటగడుతున్నామంటారు. సరే, మా మతం ఊసే లేని చోటు నుంచి మొదలుపెడదాం.

అమెరికాలో, నార్త్ కరోలినాలో, డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీ నల్లవాళ్లని కూలి విభాగంలోనే పెట్టుకునేది. ఆ విభాగంలో అందరికన్నా పెద్ద జీతం కూడా మిగతా విభాగాల్లోని చిన్న జీతాన్ని అందుకునేది కాదు. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించిన చట్టం 1965 జూలై 2న అమల్లోకొచ్చింది. సరిగ్గా ఆ రోజే కంపెనీ కొత్త షరతు తెచ్చింది: మంచి విభాగాల్లో చేరాలంటే హైస్కూల్ సర్టిఫికెట్టుతో పాటు రెండు పరీక్షలు కూడా గట్టెక్కాలి. కూలి విభాగం వాళ్లు పైకి పోవాలన్నా సర్టిఫికెట్టు ఉండాల్సిందే. షరతులో నలుపనీ తెలుపనీ ఒక్క అక్షరం లేదు. నల్లపిల్లల బడుల్ని వేరుచేసి, నాసిగా ఉంచిందెవరో మాత్రం ఎవరూ అడగలేదు. తమాషా ఏంటంటే, ఆ సర్టిఫికెట్టు లేకుండా ముందే చేరిన తెల్లవాళ్లు పని బాగానే చేస్తున్నారు, ప్రమోషన్లూ తీసుకుంటున్నారు! ఈ షరతుకీ ఆ పనికీ సంబంధమేంటని 1971లో గ్రిగ్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు నిలదీసింది. సంబంధం చూపలేనప్పుడు, మా మనసులో చెడు లేదంటే చాలదంది.

మన సుప్రీంకోర్టు ఈ మాటకి రావడానికి యాభై ఏళ్లు పట్టింది. సైన్యంలో మగ అధికారులకి వయసులో ఉండగా పెట్టిన ఆరోగ్య కొలతనే, ఏళ్లపాటు శాశ్వత కమిషన్ ఇవ్వకుండా ఆపిన ఆడ అధికారులకి నడివయసులో పెట్టడం పరోక్ష వివక్షేనని 2021లో నితీష కేసులో చెప్పింది.

మరి మేం? జనాభాలో 13.4 శాతమున్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతమేనని సచార్ కమిటీ 2006లో చెప్పింది. చదువు లేదు కాబట్టి అంటారు. చదువున్నా అంతే. థోరట్, అట్‌వెల్ ప్రైవేటు కంపెనీలకి సమానమైన చదువుతో దరఖాస్తులు పంపి చూసి, 2007లో ఫలితం అచ్చేశారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకి పిలుపొచ్చే అవకాశం దాదాపు మూడో వంతు. షరతులన్నీ నెగ్గాయి, పేరు నెగ్గలేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో సమానావకాశమిచ్చే 16వ అధికరణం ప్రైవేటు గడప తొక్కదు.

పిలుపొచ్చినా లోపల ఇంకో షరతు కూర్చునుంటుంది. మా గల్లీ కుర్రాడొకడు అకౌంట్ల పనికి పోతే మాటలో ఉర్దూ యాస ఉందన్నారు. జమాఖర్చుకి యాసేంటో! ఏ లెక్క తప్పు చేశానో చెప్పండని అడిగొచ్చాడు. జవాబు రాలేదు.