శేషాన్ని వదలని లెక్క

1 నుంచి 10 వరకు సంఖ్యలు కూడితే 55. దాన్ని 10 వర్గంతో, అంటే 100తో భాగిస్తే 0.55. వంద దాకా కూడి వంద వర్గంతో భాగిస్తే 0.505. వెయ్యి దాకా వెళ్తే 0.5005. ఎక్కడ ఆపినా సరిగ్గా అర రాదు. కానీ అరకు పైన ఉన్న ఆ కాస్తను ఎంత చిన్నది చెయ్యమంటే అంత చిన్నది చెయ్యొచ్చు. కలన గణితంలో అవధి అంటే ఇదే.

ఈ లెక్కను ఉపపత్తితో సహా మలయాళ వచనంలో రాసిపెట్టిన గ్రంథం జ్యేష్ఠదేవుడి ‘యుక్తిభాష’. కాలం 1530 ప్రాంతం. ఆయన గురుపరంపర 14వ శతాబ్దంలో పుట్టిన సంగమగ్రామ మాధవుడి దాకా వెళ్తుంది. వాళ్లకు కావలసింది వృత్త పరిధి. వృత్తం చుట్టూ చతురస్రం గీసి, దాని భుజాన్ని సమానమైన ముక్కలు చేసి, ముక్క ముక్కకూ కేంద్రం నుంచి గీత గీశారు. రెండు గీతల నడుమ వృత్తం మీద ఒక చిన్న చాపం పడుతుంది. వంకర చాపం బదులు తిన్నని గీతను కొలిస్తే కొంత తప్పు వస్తుంది. ముక్కలు అణువంత అయితే ఆ తప్పు లెక్కలోకి రాదు. అన్నిటినీ కూడినప్పుడు వర్గాల మొత్తాలు, నాలుగో ఘాతాల మొత్తాలు ఎదురయ్యాయి. పైన మనకు అర వచ్చినట్టే వాటికి 1/3, 1/5 వచ్చాయి. అలా తేలింది: పరిధి కావాలంటే వ్యాసాన్ని 4తో హెచ్చవేసి, దాన్ని 1 − 1/3 + 1/5 − 1/7 … శ్రేణితో గుణించాలి. ఐరోపాలో లైబ్నిజ్ ఈ శ్రేణిని చేరుకున్నది 1670లలో.

నన్ను మరీ ఆకట్టుకునేది ఆ తర్వాతి అడుగు. ఈ శ్రేణిది నత్తనడక. వంద పదాలు కూడి 4తో గుణించినా, పరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి అయిన π విలువ 3.13 దగ్గరే ఉంటుంది. అందుకని వాళ్లు ఆపిన చోట మిగిలిపోయిన శేషాన్నే పట్టుకున్నారు. పది పదాల దగ్గర ఆపితే మిగిలేది సుమారు 1/40 అన్నారు. అంతటితో తృప్తిపడక, దాన్ని సవరించి సవరించి 101/4050 దాకా తెచ్చారు. ఇది కలిపి 4తో గుణిస్తే 3.1415927. పదే పదాలతో!

కలన గణితమంతా వీళ్లదే అనడం న్యాయం కాదు. వాళ్ల దృష్టి వృత్తం మీద, జ్యాల (సైన్‌ల) మీద నిలిచింది. ఏ ప్రమేయానికైనా వర్తించే అవధి భావానికి రూపం కట్టింది 1821లో కోషీ, ఆ తర్వాత వైయర్‌స్ట్రాస్. అయినా శేషం ఎంతో చెప్పకుండా జవాబు చెప్పకూడదన్న పట్టుదల వీళ్ల దగ్గర నిండుగా ఉంది.

ఇంటర్ తరగతిలో అవధుల పాఠం సూత్రాలతో కాక, ఇదే పరంపరలోని నీలకంఠ సోమయాజి ప్రశ్నతో మొదలవ్వాలని నా కోరిక. పావు, అందులో పావు, మళ్లీ అందులో పావు అని కూడుతూ పోతే మొత్తం 1/3 దాకా పెరుగుతుందనీ, దాన్ని దాటదనీ ఎలా తెలుసు? ఆర్యభటీయ భాష్యంలో ఆయనే జవాబు చూపాడు. 1/3లోంచి పావు తీస్తే 1/12 మిగులుతుంది. అది పావులో మూడో వంతు. 1/16 కూడా తీస్తే మిగిలేది 1/48. అది 1/16లో మూడో వంతు. ఎక్కడ ఆగినా మిగిలేది ఆఖరున తీసినదాంట్లో మూడో వంతే.