‘రోబో’ చిత్రం: దోషం ఎర్రచిప్‌లోనా?

శంకర్ దర్శకత్వంలో 2010లో వెలువడి, తెలుగులో కూడ ప్రదర్శింపబడిన ‘రోబో’ చిత్రం, మరమనిషి చేసిన కీడునంతటినీ ఒక ఎర్రచిప్‌కు ఆపాదించినది. ప్రతినాయకుడు దానిని అమర్చగానే యంత్రం క్రూరమైనది. ఈ కల్పన రక్తి కట్టినది గాని, శాస్త్రానికి దూరం.

అగ్నిప్రమాద ఘట్టమే సత్యానికి దగ్గర. స్నానం చేయుచున్న బాలికను చిట్టి మంటలనుండి వివస్త్రగానే జనం నడుమకు తెచ్చినది. ఆమె సిగ్గుతో పరుగెత్తి వాహనం క్రింద పడి మరణించినది. ప్రాణం కాపాడుమన్నారు, మానం సంగతి చెప్పలేదు!

స్వయంగా నేర్చుకొను యంత్రానికి మన దోషాలు కూడ పాఠాలే. 2016లో మైక్రోసాఫ్ట్ వారి సంభాషణ యంత్రం ‘టే’ జనుల మాటలనుండి దూషణలు నేర్చినది. ఒక్క రోజులోనే దానిని నిలిపివేసినారు. అందులో ఎర్రచిప్ లేదు.

కావున విద్యార్థులు అడుగవలసినది “యంత్రం మంచిదా, చెడ్డదా?” అని కాదు, “ఎవరు నేర్పినారు? తప్పినచో ఎవరు బాధ్యులు?” అని.