"నీకేం కాలేదుగా!"

మా బాబాయ్ పదిహేడేళ్ళు ఆర్మీలో చేసి ఇంటికొచ్చాడు. చిన్నప్పుడు సెలవులకి ఊరెళ్తే పిల్లలందరం ఆయన చుట్టూ చేరి ఒకటే అడిగేవాళ్ళం: "ఎంతమందిని కాల్చావు బాబాయ్?" ఆయన ఎవర్నీ కాల్చలేదు. కొండ మీద బంకర్‌లో చలికి రాత్రంతా కిరసనాయిలు బుఖారీ వెలిగించుకుని పడుకోవడం, పొద్దున్నే చీదితే ముక్కులోంచి నల్లగా రావడం, ఇవే చెప్పేవాడు. మాకు విసుగొచ్చేది. "అంటే నీకేం కాలేదుగా!" అనేసి ఆటకి పోయేవాళ్ళం.

ఇప్పుడాయన మేడ మెట్లెక్కితే మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటాడు. ఆ పొగకీ ఈ ఆయాసానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలీదు. కానీ ఈమధ్య 'జార్‌హెడ్' సినిమా మళ్ళీ చూస్తుంటే, మా పిల్లల గుంపు అన్న మాటే ఈ సినిమా కూడా అంటోందని అనిపించింది. చాలా అందంగా అంటోంది, అంతే తేడా.

2005లో శామ్ మెండిస్ తీసిన ఈ సినిమాకి ఆధారం ఆంథొనీ స్వాఫర్డ్ జ్ఞాపకాల పుస్తకం. 1990-91 గల్ఫ్ యుద్ధంలో ఒక అమెరికన్ మెరీన్ స్నైపర్ కథ. ఎడారిలో నెలల తరబడి ఎదురుచూస్తాడు. తీరా గురిపెట్టే రోజు వచ్చేసరికి, ట్రిగ్గర్ నొక్కబోతుండగా పైనుంచి విమానాలొచ్చి పని కానిచ్చేస్తాయి. యుద్ధమంతా అయిపోయినా అతని తుపాకీ శత్రువు మీద ఒక్కసారీ పేలదు. యుద్ధానికెళ్ళి యుద్ధం చెయ్యకుండా తిరిగి రావడం, సినిమా వెక్కిరింపంతా, విషాదమంతా దీని మీదే. మొదటిసారి హాస్టల్లో చూసినప్పుడు "ఏం తీశాడ్రా!" అనుకున్నాను. భూమ్మీద జరిగిన యుద్ధం వంద గంటలు. ఏమీ జరగకపోవడాన్ని ఇంత బాగా చూపించిన యుద్ధ సినిమా ఇంకోటి లేదని వాదించేవాణ్ణి కూడా.

ఇప్పుడు నా వాదన వేరు. ఏమీ జరగలేదని ఎవరన్నారు?

ఆ యుద్ధానికి దాదాపు 7 లక్షల మంది అమెరికన్ సైనికులు వెళ్ళారు. పోరులో చనిపోయినవాళ్ళు 150 కంటే తక్కువే. కానీ తిరిగొచ్చినవాళ్ళలో కనీసం నాలుగో వంతు మందికి ఏళ్ళ తరబడి వదలని జబ్బు ఉందని, అది మానసికం కాదు నిజమైన జబ్బేనని, అమెరికన్ కాంగ్రెస్ ఆదేశంతో ఏర్పడిన పరిశోధనా సలహా సంఘం 2008లో తేల్చి చెప్పింది. ఒళ్ళు నొప్పులు, నీరసం, మతిమరుపు, తలనొప్పి, కడుపు బాధ, చర్మం మీద దద్దుర్లు. వీటికి ఆ సంఘం గట్టి ఆధారాలతో చూపించిన కారణాలు రెండు. ఒకటి, నర్వ్ గ్యాస్ నుంచి రక్షణకని మింగించిన పిరిడోస్టిగ్మైన్ బ్రోమైడ్ మాత్రలు. రెండు, పురుగుమందులు. నూనెబావుల పొగ పాత్ర అంత స్పష్టంగా తేలలేదు.

ఈ సంగతి తెలిశాక సినిమా చూడండి. మాత్రల సీన్ ఉంది. సైనికుల్ని నిలబెట్టి మాత్రలిస్తారు, ఓ కాగితం మీద సంతకం పెట్టమంటారు, ఒకడు అడ్డం తిరిగి గొడవపడతాడు. కాసేపు నవ్విస్తుంది, అయిపోతుంది. సినిమా మళ్ళీ ఆ మాత్రల ఊసెత్తదు. నూనెబావుల సీన్ కూడా ఉంది. పగలే చీకటి, ఆకాశం నుంచి నూనె చినుకులు, పొగలోంచి ఒళ్ళంతా నల్లగా నడిచొచ్చే గుర్రం. రోజర్ డీకిన్స్ కెమెరా అక్కడ ఎంత అద్భుతం చేసిందో మర్చిపోలేం. అంటే పెద్ద మంటకి పద్యం రాసి, అరచేతిలోని మాత్రకి జోకేసి వదిలేశారు. ఒంట్లోకి వెళ్ళింది మాత్ర. సినిమా దృష్టి మాత్రం మంట మీద.

ఇది దర్శకుడి ఒక్కడి తప్పు కాదు. యుద్ధసాహిత్యానికి గాయం గురించి చెప్పడం తెలుసు, జబ్బు గురించి చెప్పడం తెలీదు. గాయానికి తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది, సాక్షులుంటారు. వియత్నాంలో తూటా తగిలి ఛాతీ నుంచి కింది భాగం చచ్చుబడిన రాన్ కోవిక్ 1976లో తన కథ రాసుకుంటే, 1989లో ఆలివర్ స్టోన్ దాన్ని సినిమా తీశాడు. అందులో ఆసుపత్రి దుస్థితి చూసి జనం కదిలిపోయారు. వీల్‌ఛైర్ తెరమీద కనిపిస్తుంది కదా. మన సినిమాల్లోనూ మిలటరీ మనిషి ఇంటికొస్తే కాలు పోయి రావాలి, లేకపోతే దండేసిన ఫొటోగా రావాలి. పదేళ్ళు కీళ్ళు పట్టేసి, గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళేవాడికి ఇంటర్వెల్ ఎక్కడ వేస్తాం?

చిక్కేమిటంటే, సాహిత్యానికే కాదు, ఆఫీసుకీ తేదీ కావాలి. అమెరికాలో వెటరన్స్ అఫైర్స్ శాఖకి వైకల్య భృతి కోసం దరఖాస్తు పెట్టుకునే మాజీ సైనికుడు మామూలుగా మూడు విషయాలు చూపించాలి: ఇప్పుడు జబ్బుందని, సర్వీసులో ఫలానాది జరిగిందని, ఆ రెంటికీ లంకె ఉందని. అంటే కార్యకారణ సంబంధంతో బిగువైన కథ రాసుకురమ్మంటున్నారు. మతిమరుపే జబ్బయినవాణ్ణి! ఏ రోజు ఎన్ని మాత్రలు మింగాడో అతని రికార్డులో చాలాసార్లు ఉండదు. 1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమిసియా దగ్గర అమెరికన్ సైన్యం పేల్చేసిన ఆయుధాల గోదాములో సారిన్ విషవాయువు ఉందని పెంటగాన్ ఒప్పుకున్నదే 1996లో. అయిదేళ్ళపాటు కథలో ముఖ్యమైన పేజీ అవతలివాడి బీరువాలో ఉంది.

రావిశాస్త్రి కోర్టు కథలు చదివినవాళ్ళకి ఆ తర్వాతది వింతగా అనిపించదు. 1994లో, పేరు తెలియని జబ్బులకి కూడా భృతి ఇవ్వొచ్చని చట్టం చేశారు. మంచిదే. కానీ డాక్టరు జాలిపడి ఆ బాధకో పేరు పెట్టాడా, ఇక అది పేరులేని జబ్బు కాదు కాబట్టి ఆ చట్టం కిందకి రాదు! ఫైబ్రోమయాల్జియా లాంటి కొన్నిటిని చేర్చి దీన్ని సరిదిద్దడానికి 2001 దాకా పట్టింది. అయినా 2015లో గల్ఫ్ యుద్ధ జబ్బుల క్లెయిముల్లో మంజూరైనవి 17 శాతమేనని జీఏఓ అనే ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2017లో లెక్క చెప్పింది. మిగతా జబ్బులకి దాదాపు దానికి మూడు రెట్లు మంజూరయ్యాయి. పరీక్షలు చేసే డాక్టర్లలో ఈ జబ్బు మీద గంటన్నర శిక్షణ పూర్తిచేసినవాళ్ళు పదో వంతేనట.

నా ఉద్యోగంలో ఇలాంటి మాట నేనూ వాడతాను. కస్టమర్ ఏదో పనిచెయ్యట్లేదంటాడు. నా మెషీన్లో బాగానే ఉంటుంది. "క్యాన్ నాట్ రీప్రొడ్యూస్" అని రాసి టికెట్ మూసేస్తాను. అబద్ధం కాదు, నాకు నిజంగానే రాలేదు. కానీ ఆ మాట అతని బాధ గురించి ఏమీ చెప్పదు, నా మెషీన్ గురించి చెబుతుంది.

సినిమా చివర్లో ఇంటికొస్తున్న కుర్రాళ్ళ బస్సులోకి ఒక వియత్నాం మాజీ సైనికుడు ఎక్కుతాడు. చెదిరిన మనిషి. కుర్రాళ్ళు ఇబ్బందిపడతారు. రేపు వీళ్ళూ ఇంతే అన్నది దర్శకుడి సూచన కావచ్చు. నాకు మాత్రం అక్కడ ఇంకో తేదీ గుర్తొచ్చింది. అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ వల్ల జబ్బుపడ్డామని ఆ తరం ఏళ్ళకేళ్ళు మొత్తుకుంటే, ఆ చట్టం మీద సంతకమయింది 1991 ఫిబ్రవరి 6న. సరిగ్గా గల్ఫ్‌లో బాంబులు పడుతున్నప్పుడు. పాత యుద్ధపు జబ్బుకి సంతకం పెడుతూ కొత్త యుద్ధపు జబ్బుని మింగిస్తున్నారు. బస్సెక్కిన ఆ మనిషికి ఈ కుర్రాళ్ళతో చెప్పాల్సిన అసలు మాట "కాగితాలు దాచుకోండి" అన్నదేనేమో. సినిమా అతని చేత ఆ మాట అనిపించలేదు.

ఆ మాత్రలు మింగిన కుర్రాడు తర్వాత ఏమయ్యాడో చూపించాల్సిన బాధ్యత సినిమాకి లేదనొచ్చు. నిజమే, ఒకడి జ్ఞాపకాల్లో లేనిదాన్ని అడగలేం. రెండో భాగం తియ్యమని నేనడగట్లేదు. తను చూపించిన మాత్రకి అర్థం తనకి తెలిసుండాల్సింది అంటున్నాను. 2005 నాటికి ఇది రహస్యమేం కాదు.

ఈ కథ చెప్పే భారాన్ని మనిషి మీంచి దించడానికి చట్టానికి తెలిసిన దారి ఒకటుంది: ముందే నమ్మడం. ఫలానా చోట పనిచేశావా, ఫలానా జబ్బుందా, చాలు, లంకె ఉందనే అనుకుంటాం. ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో చెత్తగుంటల పొగ పీల్చినవాళ్ళకి 2022 ఆగస్టు 10న వచ్చిన పాక్ట్ చట్టం 20కి పైగా జబ్బుల విషయంలో అదే చేసింది. ఆ చట్టానికి పెట్టిన పేరు సార్జెంట్ హీత్ రాబిన్సన్‌ది. అతను ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2020లోనే పోయాడు. మన దగ్గరా ఉంది. 1985లో చేరిన ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయిని మూర్ఛవ్యాధి ఉందని 1994లో ఇంటికి పంపారు. జబ్బుకీ సర్వీసుకీ సంబంధం లేదని మెడికల్ బోర్డు రాసింది. చేరేటప్పుడు లేని జబ్బు సర్వీసులో వస్తే, కాదని కారణాలతో చూపించాల్సింది మీరేనని సుప్రీంకోర్టు అంది. అనేసరికి 2013.

సినిమా అయ్యాక బాబాయ్‌కి ఫోన్ చేశాను. "ఆ బుఖారీ సంగతి చెప్పు బాబాయ్" అన్నాను. "ఇప్పుడెందుకురా?" అన్నాడు. తర్వాత చెప్పాడు. ఎన్ని చలికాలాలు, ఎంత బంకరు, ఎంతమంది. మధ్యమధ్యలో దగ్గు. ఈసారి నేను కాగితం మీద రాసుకున్నాను. చివర్లో, అడక్కుండానే, పక్కన పడుకున్న ఇద్దరి పేర్లూ ఊర్లూ చెప్పి, "నమ్మకపోతే వాళ్ళనడుగు" అన్నాడు.

నమ్మకపోవడానికి అలవాటుపడ్డ మనిషి మాట అది. ఆ అలవాటు చేసినవాళ్ళలో మేమూ ఉన్నాం.